గ్రాఫీన్ డాట్లలో నైట్రోజన్: ఎంత కలిపారో కాదు, ఎక్కడ కూర్చుందో చూడాలి

## క్లుప్తంగా

గ్రాఫీన్ క్వాంటం డాట్లలో, అంటే కాంతి పడితే తిరిగి వెలిగే కొన్ని నానోమీటర్ల కార్బన్ ముక్కల్లో, నైట్రోజన్ కలిపితే చాలాసార్లు వెలుగు పెరుగుతుంది, రంగు కూడా మారుతుంది. కానీ రంగు నీలం వైపు జరుగుతుందా ఎరుపు వైపు జరుగుతుందా అన్నది నైట్రోజన్ శాతం చూసి చెప్పలేం, ఆ పరమాణువు డాట్‌లో ఏ చోట, ఎన్ని బంధాలతో కూర్చుందో చూడాలి. ఇంకో చిక్కు ఏంటంటే 80 శాతం, 90 శాతం సామర్థ్యం అని పేరు తెచ్చుకున్న శాంపిళ్ళలో వెలుగులో పెద్ద భాగం డాట్‌ది కాకపోవచ్చు, తయారీలో పక్కనే పుట్టిన చిన్న మాలిక్యూల్‌ది కావచ్చు.

## ఇప్పుడు ఈ గోల ఎందుకు

2023లో కెమిస్ట్రీ నోబెల్ క్వాంటం డాట్లకి వచ్చింది, మౌంగి బావెండి, లూయిస్ బ్రస్, అలెక్సీ ఎకిమోవ్ ముగ్గురూ పంచుకున్నారు. దాంతో క్వాంటం డాట్ అన్న మాట టీవీ షోరూముల నుంచి కాలేజీ ప్రాజెక్టుల దాకా అందరి నోటా పడింది. అయితే ఆ నోబెల్ వెనకున్న డాట్లు ఎక్కువగా కాడ్మియం సెలీనైడ్ లాంటి సెమీకండక్టర్లవి. కాడ్మియం విషం. యూరప్ రూల్స్ ప్రకారం ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని పదార్థంలో కాడ్మియం బరువులో 0.01 శాతం దాటకూడదు, కొన్నింటికి మినహాయింపులు ఉన్నా అవి ఎప్పటికీ ఉండేవి కావు. అందుకని విషం లేని, చవకగా దొరికే, నీళ్ళలో కరిగే డాట్లు కావాలని వెతుకులాట మొదలైంది, ఆ వెతుకులాటలో ముందు వరసలో ఉన్నవి కార్బన్‌తో చేసినవి.

వీటి గురించి వచ్చే పేపర్లు చదివితే ఒకటే పాట వినిపిస్తుంది: నైట్రోజన్ డోపింగ్ చేశాం, అంటే కావాలని కొంచెం కలిపాం, వెలుగు ఇన్ని రెట్లు పెరిగింది. ఒక పేపర్లో నైట్రోజన్ వల్ల రంగు నీలం వైపు జరిగింది అంటారు, పక్క పేపర్లో ఎరుపు వైపు జరిగింది అంటారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు, ఎలాగో అర్థం కావాలంటే అసలు గ్రాఫీన్ దగ్గర్నుంచి రావాలి.

## గ్రాఫీన్ మామూలుగా వెలగదు

గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ షీట్. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ దీన్ని విడిగా తీసి చూపించారు, 2010లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. కరెంటు అద్భుతంగా పోనిస్తుంది గానీ మామూలుగా ఫ్లోరెసెన్స్ ఇవ్వదు, అంటే కాంతిని పీల్చి తిరిగి వెలగదు. ఎందుకంటే అందులో బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్లున్న మెట్లకీ ఖాళీ మెట్లకీ మధ్య ఎడం, సున్నా. ఒక పదార్థం కాంతిని పీల్చినప్పుడు ఎలక్ట్రాన్ పై మెట్టుకి ఎక్కుతుంది, మళ్ళీ కిందకి దిగేటప్పుడు ఆ తేడా ఎంతుందో అంత శక్తిని కాంతిగా వదులుతుంది. మధ్యలో ఖాళీయే లేకపోతే ఎలక్ట్రాన్ చిన్న చిన్న అడుగులతో వేడి వదులుకుంటూ క్షణంలో కిందకి చేరిపోతుంది, వెలుగు రావడానికి టైమే ఉండదు.

షీట్‌ని కొన్ని నానోమీటర్ల ముక్కలుగా చేస్తే కథ మారుతుంది. ఎలక్ట్రాన్ తిరగడానికి జాగా తగ్గిపోయి మెట్ల మధ్య దూరం పెరుగుతుంది, గ్యాప్ తెరుచుకుంటుంది. ముక్క ఎంత చిన్నదైతే గ్యాప్ అంత పెద్దది. లెక్కల ప్రకారం ఒక్క బెంజీన్ రింగుకి ఈ గ్యాప్ దాదాపు 7 ఎలక్ట్రాన్ వోల్టులు, 20 రింగులు అతుక్కున్న ముక్కకి దాదాపు 2. తరంగదైర్ఘ్యంలోకి మార్చుకోవాలంటే 1240ని ఆ సంఖ్యతో భాగిస్తే నానోమీటర్లలో వస్తుంది, 2 ఎలక్ట్రాన్ వోల్టులంటే 620 నానోమీటర్లు, అంటే నారింజ కలిసిన ఎరుపు. 450 నానోమీటర్ల నీలం కావాలంటే గ్యాప్ 2.75 దాకా ఉండాలి.

2010లో చైనా శాస్త్రవేత్తలు గ్రాఫీన్ షీట్లని వేడి నీళ్ళ ఒత్తిడితో కోసి నీలంగా వెలిగే డాట్లు చేశారు, వాటి క్వాంటం ఈల్డ్ 6.9 శాతం. క్వాంటం ఈల్డ్ అంటే పీల్చుకున్న ప్రతి వంద ఫోటాన్లకి ఎన్ని తిరిగి వెలుగుగా బయటికొచ్చాయన్నది. 6.9 అంటే 93 పైచిలుకు వేడిగా పోయాయనే. 2012లో నిమ్మ ఉప్పుని, అంటే సిట్రిక్ యాసిడ్‌ని కరిగించి కాల్చి చేసిన డాట్లకి 9 శాతం వచ్చింది. నైట్రోజన్ లేని రోజుల్లో అంకెలు ఈ మాత్రమే ఉండేవి.

ఇక్కడే ఇంకో సంగతి. గ్రాఫీన్ క్వాంటం డాట్, కార్బన్ డాట్ రెండూ ఒకటే అన్నట్టు చాలామంది రాసేస్తారు. మొదటిది ఒకటి నుంచి కొన్ని పొరల గ్రాఫీన్ ముక్క, పలచగా బిళ్ళలా ఉంటుంది. రెండోది గుండ్రంగా, లోపల కొంత క్రమంగా కొంత అడ్డదిడ్డంగా ఉండే కార్బన్ ఉండ కావచ్చు. 2004లో సౌత్ కరోలినా యూనివర్సిటీలో నానోట్యూబుల్ని శుద్ధి చేస్తుంటే అనుకోకుండా కనపడ్డ వెలిగే ముక్కలు ఈ రెండో రకానికి మొదలు. నిమ్మ ఉప్పుతో చేసినవాటిని కొందరు మొదటి పేరుతో, కొందరు రెండో పేరుతో పిలుస్తారు, మైక్రోస్కోపులో 0.21 నానోమీటర్ల గీతలు కనపడితే గ్రాఫీన్ అని రాసేస్తారు. ఈ వదులుతనం వల్ల ఎంత గందరగోళం వస్తుందో కింద తెలుస్తుంది.

## ఎందుకు నైట్రోజనే

ఆవర్తన పట్టికలో కార్బన్ పక్కింటిది నైట్రోజన్. సైజు దాదాపు సమానం, కాబట్టి కార్బన్ తీసి అక్కడ పెడితే కార్బన్ల అల్లిక, అంటే జాలీ, పెద్దగా వంకర పోదు. కానీ బయటి కక్ష్యలో కార్బన్‌కి 4 ఎలక్ట్రాన్లుంటే దీనికి 5. పైగా ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే గుణం ఎక్కువ, పాలింగ్ స్కేల్ మీద కార్బన్ 2.55, నైట్రోజన్ 3.04. అంటే ఒకేసారి రెండు పనులు చేస్తుంది: ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ తెస్తుంది, చుట్టుపక్కల ఉన్నవాటిని లాగుతుంది. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందన్నది చోటుని బట్టి.

తయారీలో కూడా సులువు. నిమ్మ ఉప్పులో యూరియానో ఎథిలీన్‌డయమీనో కలిపి ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి తట్టుకునే మూసిన పాత్రలో, 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే, లేదా మైక్రోవేవ్‌లో కొన్ని నిమిషాలు పెడితే, నైట్రోజన్ ఉన్న డాట్లు వచ్చేస్తాయి. పండ్ల రసాలతో చేసినవాళ్ళూ ఉన్నారు, 2012లో రూర్కెలా ఎన్ఐటీ వైపు నుంచి నారింజ రసంతో చేసిన డాట్ల పేపర్ వచ్చాక ఇండియాలో ఈ దారిలో ఆకులు, తొక్కలు, గింజలు అన్నీ అయిపోయాయి. ఇంత సులువు కావడం వరమూ, శాపమూ.

## నాలుగు చోట్లు, నాలుగు గుణాలు

డాట్‌లోకి వచ్చిన నైట్రోజన్ ముఖ్యంగా నాలుగు చోట్ల ఉంటుంది.

మొదటిది గ్రాఫిటిక్. జాలీ మధ్యలో ఒక కార్బన్‌ని తీసేసి ఆ చోట్లో కూర్చుని, మూడు కార్బన్లతో చేతులు కలుపుతుంది. మూడు బంధాలకి 3 ఎలక్ట్రాన్లు పోగా 2 మిగులుతాయి, కార్బన్ అయితే పై (π) పొరకి, అంటే రింగులన్నింటి మీదా పరుచుకున్న ఎలక్ట్రాన్ల మబ్బుకి, ఒక్కటే ఇచ్చేది, ఇది అదనంగా ఇంకోటి తెచ్చింది. పెద్ద గ్రాఫీన్ షీట్ మీద ఈ అదనపు ఎలక్ట్రాన్‌లో కొంత భాగం షీట్ అంతా పరుచుకుంటుందని 2011లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్‌తో పరమాణువు పరమాణువుగా చూసి చెప్పారు. చిన్న డాట్‌లో పరుచుకోవడానికి జాగా లేదు, కాబట్టి అది ఖాళీగా ఉన్న పై మెట్ల దగ్గర్లో, గ్యాప్ మధ్యలో కొత్త మెట్టు వేస్తుంది. గ్యాప్ తగ్గినట్టే లెక్క, రంగు ఎరుపు వైపు జరుగుతుంది. ఇలాంటి నైట్రోజన్ ఒక్కటే ఉంటే డాట్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య బేసి అయిపోయి జత లేనిది ఒకటి మిగులుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి, సిద్ధాంతం లెక్కలు వేసేవాళ్ళు అందుకే వీటిని తరచు జంటలుగా పెట్టి చూస్తారు.

రెండోది పిరిడినిక్. ఇది అంచున, ఆరు మూలల రింగులో, రెండు కార్బన్లతోనే కలిసి ఉంటుంది. పై పొరకి ఒక్క ఎలక్ట్రానే ఇస్తుంది, సరిగ్గా కార్బన్ ఇచ్చినంతే, మిగిలిన జంట పక్కకి, షీట్ తలంలోనే చూస్తూ ఉంటుంది. అందుకని లెక్కల్లో ఇది ఎలక్ట్రాన్ ఉన్న మెట్టునీ ఖాళీ మెట్టునీ రెండింటినీ కలిపి కిందకి లాగుతుంది గానీ వాటి మధ్య దూరాన్ని పెద్దగా మార్చదు. కానీ ఆ పక్కకి చూసే జంట ఊరికే ఉండదు. అక్కడ్నుంచి ఎలక్ట్రాన్ పైకెక్కే దారి ఒకటి తెరుచుకుంటుంది, ఆ దారి వెలుగు విషయంలో చాలా బలహీనం, పైగా ఎలక్ట్రాన్‌ని ట్రిప్లెట్ అనే స్థితిలోకి తోసేస్తుంది, అక్కడ్నుంచి మామూలు ఫ్లోరెసెన్స్ రాదు. చిన్న మాలిక్యూళ్ళలో ఈ గుణం బాగా తెలిసిందే: నాఫ్తలీన్ వెలుగుతుంది, దాంట్లో ఒక కార్బన్ బదులు నైట్రోజన్ పెడితే వచ్చే క్వినోలిన్ హెక్సేన్ లాంటి ద్రావకంలో దాదాపు వెలగదు. పిరిడిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే నైట్రోజన్ పెడితే వెలుగు పెరుగుతుందన్న మాట ఇక్కడ తలకిందులైంది.

అయితే ఆమ్లంలో వేస్తే ఆ ఎలక్ట్రాన్ల జంట ప్రోటాన్‌తో బంధం పెట్టుకుని బిజీ అయిపోతుంది, ఆ చీకటి దారి మూసుకుపోతుంది, క్వినోలిన్ రకం మాలిక్యూళ్ళు అప్పుడు బాగా వెలుగుతాయి. తమాషా ఏంటంటే ఈ రంగంలో నీలం వెలుగుని కొలవడానికి అందరూ వాడే కొలబద్ద క్వినైన్ సల్ఫేట్, దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేసి 54 శాతం అని లెక్క పెట్టుకుంటారు, అదీ క్వినోలిన్ రింగు ఉన్నదే, అదీ ఆమ్లంలోనే. నైట్రోజన్ డాట్లు పీహెచ్ మార్చగానే ఎందుకు వేషం మారుస్తాయో కూడా కొంతవరకు దీన్నుంచే అర్థమవుతుంది.

మూడోది పైరోలిక్. అయిదు మూలల రింగులో కూర్చుని, బంధాలకి పోగా మిగిలిన రెండు ఎలక్ట్రాన్లనీ పై పొరకి ఇచ్చేస్తుంది. ఇది ఎలక్ట్రాన్ దాత, అందుకని మెట్లు పైకి జరుగుతాయి, కానీ అయిదు మూలల రింగు అంచుని కొంచెం వంకర పెడుతుంది. దీని ప్రభావం మీద పేపర్లలో ఏకాభిప్రాయం తక్కువ, దానికి ఒక కారణం కొలతలోనే ఉంది, అది తర్వాత.

నాలుగోది జాలీలో అసలు భాగమే కాదు, అంచుకి బయట్నుంచి వేలాడే అమైన్ గుంపు. డోపింగ్ అన్న మాట దీనికి వాడాలా వద్దా అని వాదించొచ్చు గానీ పేపర్లలో దీన్నీ అందులోనే కలిపేస్తారు. దీని మీదున్న జంట ఎలక్ట్రాన్లు పక్క రింగుల్లోకి జారుకుని ఎలక్ట్రాన్లున్న పై మెట్టుని ఇంకా పైకి లేపుతాయి, గ్యాప్ తగ్గుతుంది, రంగు ఎరుపు వైపు జరుగుతుంది. బెంజీన్ 255 నానోమీటర్ల దగ్గర పీల్చుకుంటే దానికి ఒక అమైన్ తగిలించిన అనిలిన్ 280 దగ్గర పీల్చుకోవడం కూడా ఇదే కారణం వల్ల. 2012లో జపాన్‌లో టొయోటా వాళ్ళ రీసెర్చ్ ల్యాబ్ ఈ అంచు అమైన్లని ఎక్కువ తక్కువ చేసి డాట్ల రంగుని ఊదా నుంచి పసుపు దాకా జరిపి చూపించింది.

## నీలమా ఎరుపా

ఇప్పుడు ఆ పొంతన లేని పేపర్లని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2012లోనే చైనాలో లియాంగ్‌టి చూ బృందం ఎలక్ట్రోకెమికల్ పద్ధతిలో చేసిన డాట్లలో నైట్రోజన్ కార్బన్‌తో పోలిస్తే 4.3 శాతం. నైట్రోజన్ లేని అదే సైజు డాట్లు ఆకుపచ్చగా వెలిగితే ఇవి నీలంగా వెలిగాయి. నైట్రోజన్ ఎలక్ట్రాన్లని లాక్కోవడం వల్ల అలా జరిగిందని వాళ్ళ వివరణ.

2017లో చెక్ రిపబ్లిక్‌లోని ఒలొమోట్స్ నుంచి దీనికి ఎదురు దిశలో పేపర్ వచ్చింది, గ్రాఫిటిక్ నైట్రోజన్ ఉంటేనే డాట్లు ఎర్రగా వెలుగుతున్నాయని. వాళ్ళు రకరకాల రంగుల డాట్లని కాలమ్‌లో విడదీసి ఏ రంగులో ఏ రకం నైట్రోజన్ ఎక్కువుందో పోల్చారు, పక్కన లెక్కలు కూడా వేశారు, గ్యాప్ మధ్యలో కొత్త మెట్లు వస్తున్నట్టు తేలింది.

2015లో నింగ్బో నుంచి వచ్చిన పని ఇంకా ఆసక్తికరం. ఫినైలీన్‌డయమీన్‌లో ఫార్ములా ఒకటే అయినా అమరిక వేరుగా ఉన్న మూడు రకాలు (ఐసోమర్లు) తీసుకుని, ఒకే పద్ధతిలో డాట్లు చేశారు. మెటా నుంచి నీలం, ఆర్థో నుంచి ఆకుపచ్చ, పారా నుంచి ఎరుపు వచ్చాయి. మొదలుపెట్టిన సరుకులో నైట్రోజన్ శాతం మూడింటిలోనూ పరమాణువుల లెక్కన సమానమే, రెండు అమైన్లు రింగు మీద ఎంత దూరంలో ఉన్నాయన్నదే తేడా. ఆ తేడాతో మాలిక్యూళ్ళు ఒకదానికొకటి అతుక్కునే తీరు మారింది, చివరికి డాట్ సైజూ అందులో మిగిలిన నైట్రోజనూ మారాయి. నైట్రోజన్ డోపింగ్ అని ఒకే మాటతో అన్నింటినీ కట్టేయడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కాబట్టి రంగు గురించి నమ్మదగిన మాట ఇంతే: ఎలక్ట్రాన్ ఇచ్చే చోట్ల ఉంటే, అంటే గ్రాఫిటిక్, అంచు అమైన్, ఎరుపు వైపు మొగ్గు. లాక్కునే చోట్ల ఉంటే తక్కువ మార్పు లేదా నీలం వైపు మొగ్గు. అసలు డాట్‌లో ఇవన్నీ కలగలిసి ఉంటాయి కాబట్టి ఏది మెజారిటీనో దాని మాటే బయటికి వినిపిస్తుంది.

## రంగు వేరు, కాంతి ఎంతన్నది వేరు

రంగు గ్యాప్‌ని బట్టి, కానీ ఎంత బాగా వెలుగుతుందన్నది ఇంకో లెక్క. పైకెక్కిన ఎలక్ట్రాన్ ముందు రెండు రకాల దారులు: కాంతి వదిలి దిగడం, వేడి వదిలి దిగడం. క్వాంటం ఈల్డ్ ఈ రెండింటి వేగాల పోటీ. కాంతి దారికి ఈ డాట్లలో మామూలుగా కొన్ని నానోసెకన్లు పడుతుంది, వేడి దారి అంతకంటే వేగంగా ఉంటే డాట్ మసకగా ఉంటుంది.

వేడి దారులు ఎక్కువగా అంచుల్లో, డాట్ ఉపరితలం మీద ఉంటాయి. ఆక్సిజన్ గుంపులు, ముఖ్యంగా కార్బొనిల్, ఎపాక్సీ, కార్బాక్సిల్ లాంటివి ఎలక్ట్రాన్‌ని పట్టుకుని కూర్చోబెట్టే ట్రాపులు. అమైన్లు వీటితో రియాక్ట్ అయ్యి కార్బాక్సిల్‌ని అమైడ్‌గా మారుస్తాయి, ఎపాక్సీని తెరిచేస్తాయి. పంట కాలవ కట్టకి పడ్డ గండ్లు పూడిస్తే చివరి ఆయకట్టుకి నీళ్ళు చేరినట్టే ఇది: పైనుంచి వదిలే నీళ్ళు పెరగలేదు, దారిలో పోయేవి తగ్గాయి. చాలా పేపర్లలో నైట్రోజన్ వల్ల వచ్చిందని చెప్పే పెరుగుదలలో పెద్ద భాగం ఈ పూడికే, జాలీ లోపల కూర్చున్న నైట్రోజన్ పాత్ర అందులో తక్కువ. అదే కారణంగా డాట్ మీద వేసే కాంతిని మార్చినా రంగు మారకుండా స్థిరంగా ఉండటం కూడా వస్తుంది, ఎందుకంటే రకరకాల ట్రాపులు పోయి ఒకే రకం వెలిగే చోటు మిగులుతుంది.

2013లో చైనా జిలిన్ యూనివర్సిటీలో బాయ్ యాంగ్ బృందం నిమ్మ ఉప్పు, ఎథిలీన్‌డయమీన్ కలిపి చేసిన డాట్లకి దాదాపు 80 శాతం అని ప్రకటించింది. తర్వాత అదే జంటతో పాళ్ళు సరిచేసి 94 శాతం దాకా వచ్చామని 2014లో ఇంకో బృందం రాసింది. 9 నుంచి 94కి! కాడ్మియం డాట్లకి గట్టి పోటీ అనిపించింది, ఆ రెసిపీ ప్రపంచమంతా పాకిపోయింది, యూజీ ప్రాజెక్టుల్లో కూడా చేసేంతగా.

## వెలిగేది ఎవరు

తర్వాత వచ్చింది అసలు ట్విస్ట్. నిమ్మ ఉప్పు, అమైన్ కలిపి వేడి చేస్తే కార్బన్ ముక్కలు మాత్రమే పుడతాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. నిమ్మ ఉప్పు నుంచి అమ్మోనియా రకం పదార్థాలతో సిట్రజినిక్ యాసిడ్ అనే పిరిడిన్ రింగు ఉన్న మాలిక్యూల్ వస్తుందని కెమిస్టులకి ఎప్పట్నుంచో తెలుసు, అది నీలంగా వెలుగుతుందనీ తెలుసు. ఎథిలీన్‌డయమీన్‌తో అయితే దానికి ఇంకో రింగు కూడా అతుక్కుని ఐపీసీఏ అనే మాలిక్యూల్ వస్తుంది. దాన్ని 2015లో విడదీసి, ఈ డాట్ల మెరుపులో పెద్ద వాటా దానిదే అని చెప్పింది వేరెవరో కాదు, 80 శాతం ప్రకటించిన జిలిన్ బృందమే. సైన్స్‌లో ఇలా సొంత రికార్డుకి సొంతంగా ఎసరు పెట్టుకోవడం అరుదు, మెచ్చుకోవాల్సిన పని.

దీనికి ముందే సూచనలు ఉన్నాయి. 2012లో కార్నెల్ వైపు నుంచి వచ్చిన పనిలో నిమ్మ ఉప్పు, ఎథనాలమీన్ మిశ్రమాన్ని 180 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ఈల్డ్ 50 శాతం దాకా వచ్చింది, వేడి పెంచి నిజంగా కార్బన్ గట్టిపడేలా చేస్తే పెరగాల్సింది పోయి బాగా పడిపోయింది. కార్బన్ ముక్క ఎంత బాగా తయారైతే వెలుగు అంత తగ్గుతోందంటే వెలిగేది కార్బన్ ముక్క కాదేమో అన్న అనుమానం రావాలి. యూరియాతో చేసినవాటిలో ఆకుపచ్చ వెలుగుకి కూడా 2018లో ఒక మాలిక్యూల్ దొరికింది.

అంటే డాట్లు మొత్తం బూటకమా? అలా కాదు. మాలిక్యూల్ కొన్నిసార్లు విడిగా నీళ్ళలో ఉంటుంది, కొన్నిసార్లు కార్బన్ ముక్క అంచుకి బంధంతో అతుక్కుని ఉంటుంది, కొన్నిసార్లు ముక్క లోపల చిక్కుకుంటుంది. అతుక్కున్నప్పుడు దాన్ని డాట్ వెలుగు అనొచ్చా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. విడిగా ఉన్న మాలిక్యూల్ అల్ట్రావయొలెట్ కింద త్వరగా చచ్చిపోతుంది, కార్బన్ కోర్ నుంచి వచ్చే వెలుగు మసకగా ఉన్నా ఎక్కువసేపు నిలుస్తుంది, వాడకంలో ఈ తేడా పెద్దదే. 2018లో మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ళు సరిగ్గా శుద్ధి చెయ్యని శాంపిళ్ళలో ఈ చిన్న మాలిక్యూళ్ళ కల్తీ ఎంత విస్తారంగా ఉందో, దానివల్ల ఎలాంటి తప్పుడు నిర్ధారణలు వస్తున్నాయో చూపించారు.

## కొలతల్లో జారే చోట్లు

ఏ రకం నైట్రోజన్ ఉందో తెలుసుకోవడానికి అందరూ చూపించేది ఎక్స్‌పీఎస్. ఎక్స్‌రే కొట్టి బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తి కొలుస్తారు: పిరిడినిక్‌కి 398.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, పైరోలిక్‌కి 400 దగ్గర, గ్రాఫిటిక్‌కి 401 దగ్గర. చూడ్డానికి తేటగానే ఉంది, కానీ అమైడ్ నైట్రోజన్ కూడా 400 దగ్గరే వస్తుంది. అమైన్లతో చేసిన డాట్లలో అమైడ్లు కుప్పలుగా ఉంటాయి, వాటన్నింటినీ పైరోలిక్ అని పేరు పెట్టేస్తే లెక్క మొదట్లోనే తప్పింది. పైగా ఇది శాంపిల్ మొత్తానికి సగటు, అందులో వెలిగే డాట్లూ, వెలగనివీ, పక్కనున్న మాలిక్యూళ్ళూ అన్నీ కలిసే ఉంటాయి.

క్వాంటం ఈల్డ్ కొలతలో ఇంకో గుంట. ద్రావణం చిక్కగా ఉంటే వెలుగుని అదే మళ్ళీ పీల్చుకుంటుంది, అందుకని శోషణ 0.1 కంటే తక్కువ ఉండేలా పలుచన చేయాలి. క్వినైన్ నీలానికి సరిపోతుంది, ఎరుపు డాట్లని దాంతో పోలిస్తే డిటెక్టర్ తేడాలు లెక్కలో దూరిపోతాయి.

శుద్ధి విషయం అన్నింటికంటే ముఖ్యం. చిన్న మాలిక్యూళ్ళని బయటికి వదిలే సన్న రంధ్రాల డయాలసిస్ సంచిలో ఒకరోజు పెట్టి తీసేయడం చాలా చోట్ల అలవాటు, రంధ్రం సైజు సరిపోకపోతే, నీళ్ళు మార్చకపోతే మాలిక్యూల్ లోపలే ఉండిపోతుంది. సంచి బయటికొచ్చిన నీళ్ళని పారబొయ్యకుండా దాని వెలుగు కూడా కొలిచి చూపించిన పేపర్ కనపడితే దానికి విలువ ఎక్కువ ఇవ్వొచ్చు, బయటి నీళ్ళు లోపలి డాట్ల కంటే ఎక్కువ వెలుగుతుంటే విషయం తేలిపోయినట్టే.

## వాడకం మీద ప్రభావం

నీళ్ళలో ఇనుము, పాదరసం అయాన్లు పట్టే సెన్సర్లుగా ఈ డాట్ల మీద లెక్కలేనన్ని పేపర్లున్నాయి. ఫెర్రిక్ అయాన్ కలిపితే వెలుగు తగ్గుతుంది, నైట్రోజన్ గుంపులు అయాన్‌ని పట్టుకుంటాయి అని వివరణ. కానీ ఫెర్రిక్ అయాన్ తనంతట తానే అల్ట్రావయొలెట్‌ని బాగా పీల్చుకుంటుంది, డాట్‌కి వెళ్ళాల్సిన కాంతిని ముందే తినేస్తుంది. ఆ సందర్భంలో నైట్రోజన్ ఏ చోట ఉన్నా, అసలు లేకపోయినా వెలుగు తగ్గినట్టే కనపడుతుంది. వెలుగు నిలిచే టైమ్ కూడా తగ్గిందా లేదా చూస్తే కొంత తేడా తెలుస్తుంది, టైమ్ మారకుండా వెలుగు మాత్రమే తగ్గితే ఈ దొంగ తగ్గుదలని అనుమానించాలి.

కణాల ఫోటోలకి ఎరుపు కావాలి, ఎందుకంటే నీలం వెలుగు కింద కణాలు తమంతట తామే వెలిగి గందరగోళం చేస్తాయి, పైగా ఎరుపు చర్మం లోపలికి ఎక్కువ దూరం పోతుంది. అందుకే గ్రాఫిటిక్ నైట్రోజన్ మీద ఆసక్తి. ఎల్ఈడీల్లో అయితే ఇంకో ఇబ్బంది, ద్రావణంలో 80 శాతం ఇచ్చిన డాట్లు ఎండిపోయి ఒకదాని మీద ఒకటి పేరుకోగానే శక్తిని పక్కవాటికి దాటించేసుకుని ఆరిపోతాయి, పాలిమర్‌లోనో సిలికాలోనో విడివిడిగా బిగించి పెట్టాలి. అలా బిగించినప్పుడు పిరిడినిక్ రకం నైట్రోజన్ ట్రిప్లెట్ వైపు తోసే చెడ్డ గుణమే పనికొస్తుంది, లైట్ ఆర్పాక కూడా కాసేపు వెలిగే ఫాస్ఫొరెసెన్స్ దాన్నుంచే రాబట్టుకోవచ్చు, నకిలీ పట్టే ముద్రలకి ఆ గుణం వాడాలని చూస్తున్నారు.

అసలు మంచి వెలుగుకి నైట్రోజన్ తప్పనిసరా అంటే కాదు. 2018లో ఫ్లోరోగ్లూసినాల్ అనే నైట్రోజన్ లేని మాలిక్యూల్ నుంచి త్రికోణాకారపు కార్బన్ డాట్లు చేశారు, వాటి వెలుగు పట్టీ వెడల్పు 30 నానోమీటర్ల చుట్టుపక్కల, ఈల్డ్ 54 నుంచి 72 శాతం, రంగు నీలం నుంచి ఎరుపు దాకా సైజు మార్చి తెచ్చారు. నైట్రోజన్ డాట్లలో చాలావాటి వెలుగు పట్టీ ఇంతకంటే బాగా వెడల్పు, అంటే రంగు కల్తీగా ఉంటుంది, డిస్‌ప్లేలకి అది పనికిరాదు. అంచులన్నీ ఒకే రకంగా ఉన్న డాట్ దొరికితే డోపింగ్ లేకుండానే పని జరుగుతోందన్నమాట.

నైట్రోజన్‌నే నమ్ముకున్నవాళ్ళకి రెండో దారి, డాట్‌ని ఆర్గానిక్ కెమిస్ట్రీతో రింగు రింగుగా కట్టి నైట్రోజన్‌ని కావల్సిన చోటే పెట్టడం. ఇండియానా యూనివర్సిటీలో లియాంగ్-షి లీ బృందం 2012లోనే అలాంటివి చేసింది. అందులో ఏ నైట్రోజన్ ఏ చోట ఉందో వాదనే ఉండదు, చోటుకీ రంగుకీ లంకె నేరుగా పరీక్షించొచ్చు. కాకపోతే ఎన్నో స్టెప్పులు, ప్రతి స్టెప్పులో కొంత నష్టం, చివర్లో చేతికొచ్చేది చాలా కొంచెం. మైక్రోవేవ్‌లో నిమ్మ ఉప్పు, యూరియా పెడితే పది నిమిషాల్లో బీకరు నిండా వెలుగు వస్తుంది, అందుకే పేపర్ల సంఖ్యలో ఇప్పటికీ ఆ దారిదే పైచెయ్యి.